మూడో తీగ తర్వాత

షెఫీల్డ్‌లో, అబ్బీడేల్ రోడ్డు మీద,
ఒకప్పటి పళ్ళ డాక్టరు గది ఇప్పుడు స్టీరియో షాపు.
గోడలకు గొంగళి గుడ్డ బిగించాడు గ్రెన్‌విల్.
ఏం మాట్లాడినా మాట పెదవి దిగగానే రాలిపోతుంది.

"మామూలుగా ఏం వింటారు?"
తంబురా ఇచ్చాను.
గంటసేపు ఒక్క తంబురా. పాట లేదు, పాడేవాళ్ళు లేరు.
పంచమం, షడ్జమం, షడ్జమం, మంద్రం,
మళ్ళీ పంచమం.
రెండు నిమిషాలు మర్యాదగా ఓపిక పట్టి
"పాట ఎప్పుడు మొదలవుతుంది?" అన్నాడు.
అందులోనే ఉన్నాం బాబూ అనబోయి
కొంచెం టైం పడుతుందన్నాను.

మొదటి యాంప్లిఫయరు వెండి రంగుది, చేతి వాచీ అంత నాజూకు.
తీగకీ తీగకీ మధ్య ఇస్త్రీ మడత.
వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.
వేలెత్తి చూపడానికేమీ లేని మనిషితో
ఎంతసేపని కూర్చుంటాం?

రెండోది వాల్వులది.
ఆ నారింజ వెలుతురు చూడగానే బయటి చలి మరిచాను.
కానీ అది అన్నింటి మీదా బెల్లప్పాకం పోసింది.
చారులో అదే తీపి, ఆవకాయలో అదే తీపి.
అరగంటకే మొహం మొత్తింది.

మూడోది నల్లది. ముప్పై ఎనిమిది కిలోలు.
పక్కల ఇనుప రెక్కలు, తగిలితే గీరుకునేలా.
స్విచ్ వేశాక ఏమీ కాలేదు.
గ్రెన్‌విల్ వైరు పెట్టడం మరిచాడనుకున్నాను.
అంతలో గదిలో ఎవరో
తంబురాని భుజానికి ఆనించుకుని కూర్చున్నారు.

ధర కాగితం బోర్లా పెట్టి ఉంది.
తిప్పి చూశాను. మళ్ళీ బోర్లా పెట్టాను.
మా మొదటి కారూ రెండో కారూ కలిపినా అంత కాలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి.
ఇరవై రెండేళ్ళు ఫోర్జ్‌లో ఆవిరి సుత్తి పక్కన పనిచేశాను.
రెండు చెవుల్లోనూ పై మెట్లు పోయాయి.
ఆస్పత్రిలో గీసిచ్చిన గ్రాఫు
చివర్లో గట్టు తెగినట్టు పడిపోతుంది.
అంటే ఆ ధరలో సగం
నాకు వినపడని వాటికి.
పళ్ళు లేనివాడు చెరుకుతోట బేరమాడినట్టు,
అదీ పళ్ళ డాక్టరు గదిలో.

కాత్యాయని మూల సోఫాలో బస్సు టైములు చూసుకుంటోంది.
తలెత్తకుండానే అంది:
"ఎవరో ఊపిరి తీస్తున్నారు."
"ఎక్కడ?"
"మూడో తీగ తర్వాత. ప్రతిసారీ కాదు.
ముక్కు దిబ్బడేసినట్టుంది పాపం. ఆడమనిషే."

వెండిదానికి మార్పించాను. లేదంది.
వాల్వులదానికి మార్పించాను.
"ఉందేమో. దుప్పటి కప్పుకుంది."
మళ్ళీ నల్లదానికి.
"ఇదిగో" అని వేలెత్తింది.
నేను ఆ వేలిని విన్నాను.

ముప్పై ఏళ్ళుగా నా దగ్గరుంది ఆ రికార్డింగు,
కాపీకి కాపీ. ఎవరు మీటారో ఎక్కడా రాసి లేదు.
శ్రుతిపెట్టె లాంటి యంత్రమేదో అనుకున్నాను ఇన్నాళ్ళూ.
జలుబుతో గంటసేపు కూర్చుని
నాలుగు తీగలు మీటిన ఒకావిడ ఉందని
ఇవాళ తెలిసింది, అదీ అరువు చెవితో.
కార్డు తీసి గ్రెన్‌విల్‌కి ఇచ్చేశాను.
పాట మొదలవలేదని ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

వాక్లీలో మా ఇల్లు గుట్ట మీద.
వ్యాను నుంచి గుమ్మానికి పద్నాలుగు మెట్లు.
అతనొక కొస, నేనొక కొస,
ఏడో మెట్టు మీద ఇద్దరికీ దేవుడు గుర్తొచ్చాడు.
పక్కింటి మిసెస్ ఓల్డ్‌ఫీల్డ్ తెర పక్కకు జరిపి
"కొత్త ఫ్రిజ్జా?" అంది.
కాదంటే ఇంకేం చెప్పాలో తెలీక అవునన్నాను.

ఆవిడ రాత్రి డ్యూటీ నర్సు, పగలు నిద్ర.
మా ఇళ్ళ మధ్య ఉన్నది ఒక్క గోడ.
రెండొందల వాట్లలో రెండు కూడా వాడను.
కొండంత పెట్టె, గోరంత చప్పుడు.
పైన వెచ్చగా ఉంటుందని పిల్లి పడుకుంటుంది.

తంబురా నడుస్తుండగా
వంటింట్లోంచి కాత్యాయని
అప్పుడప్పుడు గరిటె పైకెత్తి చూపిస్తుంది, ఇదిగో అని.
ఒక్కోసారి ఊరికే ఎత్తుతుందేమోనని అనుమానం.
అడగలేదు.